లో వోల్టేజీకి బిల్లు పెరుగుతుందా, తగ్గుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. ఇల్లు ఊరి చివర, మా ఇంటి తర్వాత ఇక కరెంటు స్తంభం లేదు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. రెండు నెలలుగా మీటరు 206, 211 యూనిట్లు చూపించింది. 200 దాటడంతో జీరో బిల్లు పోయి మొత్తం డబ్బులు కట్టాల్సి వచ్చింది. మా మరిది ఐటీఐ చదివాడు. అతను వోల్టేజీ కొలిచే మీటరు పెట్టి చూస్తే సాయంత్రం ఏడింటికి 180 వోల్టులు, అర్ధరాత్రి 248, తెల్లవారుజామున 245 ఉంది. సాయంత్రం ఫ్రిజ్ గుయ్యిమని టక్కున ఆగిపోతుంది. లో వోల్టేజీ వల్లే బిల్లు పెరిగిందనీ, ఇల్లంతటికీ స్టెబిలైజర్ పెట్టుకుంటే తగ్గుతుందనీ షాపాయన అంటున్నాడు. దాంతోపాటు ప్లగ్గుకి పెట్టే పవర్ సేవర్ కూడా తీసుకోమన్నాడు. మా మరిదేమో వోల్టేజీ తగ్గితే బిల్లు తగ్గుతుంది కానీ పెరగదు అంటాడు. ఎవరి మాట నమ్మాలి? ఇంట్లో మూడు పాత ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, బల్బులు, ఒక హెచ్‌పీ బోరు మోటారు, కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె ఉన్నాయి. స్నానాలకు హీటర్ రాడ్ వాడతాం. ఇంకొక మాట. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అక్కడ 120 వోల్టులేనట. మరి వాళ్ళకి బిల్లు సగమే వస్తుందా?

సమాధానం: అమ్మా, మీ మరిది చెప్పింది తప్పు కాదు. షాపాయన చెప్పింది కూడా పూర్తిగా అబద్ధం కాదు. మీ మరిది హీటర్ రాడ్‌ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడు, షాపాయన బోరు మోటారును చూపించి మాట్లాడుతున్నాడు. వచ్చే కరెంటు ఒకటే, తినేవాళ్ళ తీరు వేరు. అందుకే ఇద్దరికీ కలిపి ఒక్క సమాధానం చెప్పడం కుదరదు. ఒక్కో వస్తువు సంగతి విడిగా చూడాలి. మీకు పెరిగిన ఆ పదకొండు యూనిట్లు ఎక్కడివో మాత్రం మీరు రాసిన వివరాలతోనే చాలావరకు దొరికిపోతుంది. స్టెబిలైజర్ కొనకముందే ఉత్తరం రాశారు, అది మంచి పని.

నేను ముప్పై ఏళ్ళు మోటార్ల రీవైండింగ్ షాపు నడిపినవాణ్ణి. నా చేతికి వచ్చినవన్నీ కాలిపోయిన కాయిల్సే. కాబట్టి మోటార్ల గురించి కాస్త ఎక్కువ మాట్లాడితే ఏమీ అనుకోకండి.

ముందు మీటరు సంగతి. వోల్టేజీ తగ్గితే మీటరు గిర్రున తిరుగుతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. మీటరు తన దగ్గర ఉన్న వోల్టేజీని, తన గుండా పోయే ఆంపియర్లను ప్రతి క్షణం గుణించి లెక్క కడుతుంది. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. అది 180 వోల్టుల దగ్గరైనా ఒక యూనిట్టే, 248 దగ్గరైనా ఒక యూనిట్టే. అందుకే మీ అబ్బాయికి డాలస్‌లో బిల్లు సగం రాదు. 120 వోల్టుల దగ్గర అదే పని జరగాలంటే ఆంపియర్లు రెట్టింపు పోతాయి, లెక్క మళ్ళీ అక్కడికే వస్తుంది. తేడా ఎక్కడంటే వాళ్ళ వంటింట్లో మామూలు ప్లగ్గు 1,500 వాట్లు దాటితే మొరాయిస్తుంది. అందుకే అక్కడ ఎలక్ట్రిక్ కెటిల్‌లో నీళ్ళు కాగడానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఇక మీ మరిది మాట. హీటర్ రాడ్, ఇస్త్రీపెట్టె, పాతకాలం పసుపు బల్బు, ఇవన్నీ ఉత్త తీగచుట్టలు. వోల్టేజీ తగ్గితే వీటిలో పోయే ఆంపియర్లూ తగ్గుతాయి. రెండూ తగ్గుతాయి కాబట్టి దెబ్బ రెండింతలుగా పడుతుంది. 230 వోల్టుల దగ్గర 1,500 వాట్లు తీసుకునే రాడ్, 180 దగ్గర 920 వాట్లే తీసుకుంటుంది. అదే రాడ్ 245 దగ్గర 1,700 తీసుకుంటుంది. వాట్లు తగ్గాయి కాబట్టి బిల్లు తగ్గిందని మీ మరిది సంబరపడ్డాడు. కానీ స్నానానికి కావలసింది వాట్లు కాదు, వేడినీళ్ళు. ఇరవై లీటర్ల బకెట్‌ని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే ఎవరు ఏ వోల్టేజీతో కాచినా అర యూనిట్ కన్నా కాస్త తక్కువ పడుతుంది. 230 దగ్గర పంతొమ్మిది నిమిషాలు, 180 దగ్గర అరగంట, 245 దగ్గర పదహారు నిమిషాలు. టైము మారింది, యూనిట్లు మారలేదు.

అయితే ఒక షరతు ఉంది. మీరు నీళ్ళు ముట్టుకుని చూసి రాడ్ ఆపుతున్నారా, గడియారం చూసి ఆపుతున్నారా? మా ఇంట్లోనూ, నేను చూసిన చాలా ఇళ్ళలోనూ జరిగేది రెండోది. తెల్లవారి ఐదింటికి రాడ్ పెట్టి, పొయ్యి వెలిగించి, పాలు పెట్టి, ఏదో పనిలో పడి ఇరవై అయిదు నిమిషాలకు గుర్తొచ్చి ఆపుతారు. మీ ఊళ్ళో ఆ వేళకి 245 వోల్టులు ఉంది. అంటే ఆ ఇరవై అయిదు నిమిషాల్లో బకెట్‌కి 0.7 యూనిట్ పోతుంది, నీళ్ళు 55 డిగ్రీలు దాటుతాయి. మరీ కాగిపోయాయని చన్నీళ్ళు కలుపుతారు, కలిపాక ఉన్నాయి కదా అని నాలుగు చెంబులు ఎక్కువే పోసుకుంటారు. బకెట్‌కి పావు యూనిట్ దండగ. రోజుకి రెండు బకెట్లయితే నెలకి పద్నాలుగు యూనిట్లు. మీరు 200 మీద దాటినది ఆరు, పదకొండు. ఫోన్లో పదహారు నిమిషాలకు అలారం పెట్టుకోండి. ఇంకో మాట, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టండి. తడి చేత్తో నీళ్ళు ముట్టుకుని చూసి పోయినవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం లేరు.

ఇస్త్రీపెట్టెకి లోపల దాని వేడిని అదే చూసుకునే స్విచ్ ఉంటుంది కాబట్టి వోల్టేజీ తగ్గితే వేడెక్కడం ఆలస్యం అవుతుంది, అంతే. కుట్టుమిషను మోటారు చిన్నది, సాయంత్రం స్పీడు తగ్గితే మీరే పెడల్ కాస్త ఎక్కువ తొక్కుతారు. దాని గురించి టెన్షన్ వద్దు. ఎల్‌ఈడీ బల్బులు, టీవీ, ఫోన్ ఛార్జర్లు ఇంకో జాతి. వాటి లోపల ఉండే చిన్న సర్క్యూట్ వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు పెంచుకుని, పెరిగితే తగ్గించుకుని తనకు కావలసిన వాట్లే తీసుకుంటుంది. ఫోన్ ఛార్జర్ మీద సన్న అక్షరాలతో 100 నుంచి 240 అని రాసి ఉంటుంది చూడండి. అది మీ ఇంట్లోనూ పని చేస్తుంది, మీ అబ్బాయి ఇంట్లోనూ చేస్తుంది.

ఇప్పుడు బోరు మోటారు. షాపాయన మాట నిజమయ్యేది ఇక్కడే. మోటారుకి ఒక బరువు మోసే పని అప్పగించాం, నీళ్ళు మిద్దె మీదికి ఎక్కించాలి. వోల్టేజీ తగ్గిందని నీళ్ళ బరువు తగ్గదు. కాబట్టి మోటారు తన చక్రం కాస్త నెమ్మదించుకుని, ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. మామూలుగా ఎనిమిది ఆంపియర్లు తీసుకునేది పదికి చేరిందనుకోండి. వైండింగులో పుట్టే వేడి ఒకటింబావు రెట్లు కాదు, ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆ వేడి నీళ్ళు తోడదు, ఉత్తినే పోతుంది. పైగా నీళ్ళు పడే జోరు తగ్గి ట్యాంకు నిండడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. మీరు రోజూ సాయంత్రం ఏడింటికే మోటారు వేస్తుంటే నెల తిరిగేసరికి ఇది కూడా కొన్ని యూనిట్లు అవుతుంది.

యూనిట్ల కన్నా నాకు కాయిల్ దిగులు ఎక్కువ. వైండింగు మీద పూత ఉంటుంది, వార్నిష్ పోసి గట్టిపరుస్తాం. అది మామూలుగా ఓర్చుకునే వేడి మీద ఇంకో పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగం అవుతుందని మా పనిలో ఒక లెక్క. అంటే లో వోల్టేజీలో నడిచే మోటారు ఇవాళ కాలకపోవచ్చు, పదేళ్ళు రావాల్సింది నాలుగేళ్ళకే నా బల్ల మీదికి వస్తుంది.

కాలిన మోటారు విప్పితే అది ఎందుకు కాలిందో కాయిలే చెబుతుంది. త్రీ ఫేజు మోటారులో ఒక ఫేజు పోయి కాలితే కొన్ని చుట్టలు బొగ్గులా ఉంటాయి, మిగతావి కొత్త రాగిలా మెరుస్తూ ఉంటాయి. లో వోల్టేజీలో లోడు లాగి లాగి కాలితే చుట్టూ సమానంగా నల్లబడుతుంది, పూత వేలితో గీకితే పొడిగా రాలుతుంది. ఆ మాడు వాసన చేతికి రెండు రోజులు పోదు. రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్ళు, అర్ధరాత్రి లేచి పొలం పోలేక. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ముప్పై మోటార్లూ ఒకేసారి మొదలయ్యేవి. మోటారు తిరగడం మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా అయిదారు రెట్లు ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ పాతాళానికి పడిపోయేది, ఏ మోటారూ తిరగలేక అన్నీ గుయ్యిమంటూ నిలబడేవి. మర్నాడు పొద్దున్నే మా షాపు ముందు ట్రాక్టర్లు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను అడిగింది కూడా ఇందుకే.

మీ ఫ్రిజ్ కథ కూడా అచ్చం ఇదే, చిన్న సైజులో. ఫ్రిజ్ వెనక నల్లటి డబ్బాలో మోటారు ఉంది. అది కదలడానికి కావలసిన బలం వోల్టేజీతో పాటు రెండింతలుగా తగ్గుతుంది, రాడ్ వాట్లు తగ్గినట్టే. 180 దగ్గర దానికి మామూలు బలంలో అరవై శాతమే ఉంటుంది. కదలబోతుంది, కదలలేదు, గుయ్యిమంటుంది. లోపల పుట్టిన వేడికి పక్కనే ఉన్న చిన్న రక్షణ స్విచ్ టక్కున కొట్టేస్తుంది. కాసేపటికి చల్లబడి మళ్ళీ ప్రయత్నిస్తుంది. మీరు విన్న చప్పుడు అదే. ఆ స్విచ్ ఉంది కాబట్టి ఇంకా కాలలేదు. కానీ రోజూ సాయంత్రం నాలుగైదుసార్లు ఆ పరీక్ష పెడితే ఎంతకాలం నిలుస్తుంది? ఇవాళ్టి నుంచి ఒక పని చేయండి. సాయంత్రం ఆ చప్పుడు వినబడితే ఫ్రిజ్ ప్లగ్గు తీసేయండి, తలుపు తెరవకండి, తొమ్మిది దాటాక పెట్టండి. మూసి ఉంచిన ఫ్రిజ్‌లో పాలు మూడు నాలుగు గంటలకు ఏమీ కావు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ ఇంట్లో ఒకే రోజు 180, 248 రెండూ ఎలా వస్తున్నాయి? మన దగ్గర ఇంటికి ఇవ్వాల్సింది 230 వోల్టులు. ఆరు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 216 నుంచి 244 వరకు. పాత ఫ్యాన్ల మీద 240 అని రాసి ఉంటే కంగారు పడకండి, అప్పట్లో అదే లెక్క. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 433కి దించుతుంది. అది మూడు ఫేజుల మధ్య కొలత. ఒక ఫేజుకీ, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగకీ మధ్య చూస్తే 250. అంటే ఊరంతా పడుకుని తీగల్లో ఏమీ పోనప్పుడు 250 దగ్గర కనపడటం సహజం. మీ 248 అదే. హద్దు కాస్త దాటినా దాంతో ఏదీ కాలిపోదు. కాకపోతే రాత్రి ఫ్యాన్ కొంచెం జోరుగా తిరిగి కొంచెం ఎక్కువ తింటుంది. రెగ్యులేటర్ ఒక పాయింటు తగ్గించుకుంటే సరి.

సాయంత్రం సంగతి వేరు. ఊరంతా లైట్లు, టీవీలు, మోటార్లు ఒకేసారి వేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ ఇంటి దాకా ఉన్న తీగ పొడవునా వోల్టేజీ కొంచెం కొంచెం రాలిపోతూ వస్తుంది. కాలువ చివరి మడికి నీళ్ళు అందనట్టే. మీది చివరి స్తంభం కాబట్టి మీకు అందరికన్నా తక్కువ. అయితే 180 మరీ తక్కువ. అందుకని రాలిపోతున్నది వీధి తీగలోనా, మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరులోనా తేల్చాలి. మీ మరిదికి ఒక చిన్న పరీక్ష చెప్పండి.

సాయంత్రం ఏడింటికి ఇంట్లో అన్నీ ఆపేసి, ఒక ప్లగ్గులో వోల్టేజీ చూసి రాసుకోమనండి. వెంటనే బోరు మోటారు వేసి, అదే ప్లగ్గులో మళ్ళీ చూడమనండి. మొదటిది 183, రెండోది 180 అయితే తప్పు మీ ఇంటిది కాదు, వీధి లైనుది. మొదటిది 200, మోటారు వేశాక 180 అయితే మాత్రం ఆ ఇరవై వోల్టులు మీ సొంత దారిలోనే ఎక్కడో పోతున్నాయి. మోటారు పది ఆంపియర్లు లాగుతుంటే ఇరవై వోల్టులంటే రెండు వందల వాట్లు. అంటే ఎక్కడో ఒక లూజు జాయింటు దగ్గర రెండు వందల వాట్ల పొయ్యి వెలుగుతోందన్నమాట. స్తంభం మీద సర్వీసు వైరు కలిపిన చోట అల్యూమినియం తీగకి తెల్లగా బూజులా పట్టి ఉండవచ్చు. మెయిన్ దగ్గర ఫ్యూజు క్యారియర్ వదులై నల్లబడి ఉండవచ్చు. జాయింటు మీటరుకి ముందుంటే ఆ వేడికి మీరు డబ్బు కట్టరు, మీ వస్తువులు బాధపడతాయి. మీటరు తర్వాత ఉంటే రెండూ మీవే. ఫ్యూజు బోర్డు దగ్గర మాడు వాసన వచ్చినా, ప్లగ్గు గోధుమరంగులోకి తిరిగినా వెతకాల్సిన పని కూడా లేదు.

ఈ పరీక్షలో ఒక్క విషయం మాత్రం జాగ్రత్తగా గమనించండి. మీ ఇంట్లో లైట్లు డిమ్ అయిన ప్రతిసారీ పక్కింట్లో లైట్లు తెల్లగా మండుతున్నా, మీ దగ్గరే వోల్టేజీ ఒక్కసారిగా 270, 280కి ఎగిరినా, అది లో వోల్టేజీ కాదు. న్యూట్రల్ తెగిందో, తెగబోతోందో. అప్పుడు కొన్ని ఇళ్ళకి 150, కొన్ని ఇళ్ళకి 350 కూడా పోవచ్చు. ఒక గాలివాన రాత్రి మా వీధిలోనే ఇలా జరిగింది. నా టీవీలోంచి పొగ వచ్చాక గానీ నాకు బుద్ధి రాలేదు, ముప్పై ఏళ్ళ అనుభవం ఉండి కూడా. బయటికి వచ్చి చూస్తే ఎదురింటి బల్బు ఎర్రని దారంలా ఉంది. అలాంటప్పుడు మెయిన్ ఆపేసి లైన్‌మన్‌కి ఫోన్ చేయడమే. ఇంకేమీ చేయకండి.

ముఖ్యంగా ఫేజు మార్చుకోవడానికి ఎవరినీ స్తంభం ఎక్కనివ్వకండి. న్యూట్రల్ బలహీనంగా ఉందని ఎర్తు తీగను న్యూట్రల్‌గా వాడుకునే తెలివితేటలు కూడా వద్దు. బోరు పైపు ముట్టుకున్న పిల్లాడికి షాక్ కొట్టేది అలాంటి ఇళ్ళలోనే.

తప్పు వీధి లైనుది అని తేలితే ఒక పాత నోటుబుక్కులో పది రోజులు రాయండి. తేదీ, టైము, వోల్టేజీ, అంతే. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఆ కాగితాన్ని మీ సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. "సార్, లో వోల్టేజీ ఉంది" అంటే "చూస్తాంలేమ్మా" అంటారు. "పది రోజులుగా సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా 185 దాటలేదు" అని కాగితం పెడితే ఆ మాట అనడం కష్టం. వాళ్ళ చేతిలో ఉండేవి కొన్ని పనులు. మూడు ఫేజుల మీద ఇళ్ళను సమానంగా పంచడం, స్తంభం మీద తీగకీ తీగకీ కలిపే జంపర్లు వదులైతే బిగించడం, లావు తీగ వేయడం, లోడు మరీ ఎక్కువైతే ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. మొదటి రెండూ ఒక్క పూటలో అయ్యేవే. చాలా ఊళ్ళలో సగం రోగం వాటితోనే కుదురుతుంది. మీ లైను మీదే పొలం మోటార్లు ఉంటే వాటికి కెపాసిటర్లు, అంటే మోటారు లైను నుంచి లాగే ఆంపియర్లను తగ్గించే డబ్బాలు, బిగించుకున్నా మీ ఇంట్లో నాలుగైదు వోల్టులు పెరగవచ్చు. రైతుకు దాంతో తన మీటరు లాభం ఏమీ కనపడదు కాబట్టి ఆ డబ్బా కొన్నాళ్ళకి ఊడిపోయి గడ్డివాము పక్కన పడి ఉంటుంది. అది వేరే కథ.

స్టెబిలైజర్ మాటకొద్దాం. ఇల్లంతటికీ పెట్టే పెద్ద స్టెబిలైజర్ లోపల ఇనుము, రాగి చుట్టిన దిమ్మె ఉంటుంది. మీరు ఏమీ వాడకపోయినా అది ఇరవై నాలుగు గంటలూ కొంత తింటూ ఉంటుంది. పదిహేను వాట్లే అనుకున్నా నెలకి పదకొండు యూనిట్లు. మీరు పోగొట్టుకున్న పదకొండు యూనిట్లే మళ్ళీ, ఈసారి డబ్బిచ్చి కొనుక్కుని. మధ్యాహ్నం వేళ షాపులో నడుస్తున్న స్టెబిలైజర్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే మీటరు రీడింగు. పైగా అది వోల్టేజీని పుట్టించదు. మీ వైపు 220 చూపించడం కోసం లైను నుంచి ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. వీధిలో పది ఇళ్ళు పెద్ద స్టెబిలైజర్లు పెట్టుకుంటే లైను ఇంకా కుంగుతుంది, పదకొండో ఇంటికి 170 వస్తుంది. కాబట్టి ఇల్లంతటికీ వద్దు. లైను బాగయ్యేదాకా ఆగలేం, ఫ్రిజ్ ఆపడం కుదరదు అనుకుంటే ఫ్రిజ్ ఒక్కదానికి చిన్నది కొనండి. డబ్బా మీద పని చేసే హద్దులు చూడండి, కింది అంకె 150 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. మీ ఫ్రిజ్ తలుపు మీద ఇన్వర్టర్ కంప్రెసర్ అనో, స్టెబిలైజర్ అక్కర్లేదనో స్టికర్ ఉంటే మాత్రం అదీ అవసరం లేదు. కానీ మీరు చెప్పిన చప్పుడును బట్టి మీది పాత రకమే.

పవర్ సేవర్ సంగతి రెండు ముక్కల్లో. అలాంటిది ఒకటి మా షాపులో విప్పి చూశాను. ఒక చిన్న కెపాసిటర్, రెండు ఎల్‌ఈడీ లైట్లు. ఇంటి మీటరు యూనిట్లనే లెక్కపెడుతుంది కాబట్టి ఆ కెపాసిటర్ వల్ల మీ బిల్లు పైసా తగ్గదు. ఆ లైట్లు వెలగడానికి మాత్రం మీరే కడతారు.

ఆ డబ్బుకి ఇంకొంత కలిపి ఒక పాత ఫ్యాన్ మార్చండి, మీరు ఎక్కువసేపు కూర్చుని కుట్టే గదిలోది. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అని దొరికేవి 30 వాట్లతో అదే గాలి ఇస్తాయి. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి పదహారు యూనిట్లు మిగులుతాయి. పైగా సాయంత్రం 180 ఉన్నప్పుడు కూడా దాని స్పీడు పడిపోదు, సూదిలో దారం ఎక్కిస్తుంటే చెమట కళ్ళలోకి కారే బాధ తప్పుతుంది. బోరు మోటారును సాయంత్రం నుంచి ఉదయం పదింటికో, మధ్యాహ్నానికో మార్చుకోండి. ఆ వేళలో వోల్టేజీ ఎంత ఉంటోందో మీరు రాయలేదు. మీ మరిదిని అది కూడా చూడమనండి, 210 పైన ఉంటే చాలు. రాడ్‌కి అలారం, కుట్టే గదిలో కొత్త ఫ్యాన్, పొద్దుటి మోటారు. నాకైతే 211 నుంచి 180 దగ్గరికి దిగుతుందనిపిస్తోంది. ఫ్యాన్ కొనడం ఈ నెల కుదరకపోతే అలారంతోనే 200 లోపు పడే అవకాశం ఉంది.

చివరగా డాలస్ గురించి ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా. అక్కడికి వెళ్ళేటప్పుడు తల్లులు ఇక్కడి తడి గ్రైండర్ సూట్‌కేసులో పెట్టుకెళ్తారు. దాన్ని 120 వోల్టుల ప్లగ్గులో పెడితే రాయి తిరగదు, మీ ఫ్రిజ్ లాగే గుయ్యిమంటుంది, కాసేపట్లో కాలుతుంది. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కున్నా అక్కడ కరెంటు సెకనుకి 60 సార్లు మారుతుంది, మన దగ్గర 50. గ్రైండర్ మోటారు ఆ లెక్క ప్రకారమే తిరుగుతుంది కాబట్టి రాయి అయిదింట ఒక వంతు వేగంగా తిరిగి పిండి వేడెక్కుతుంది. అక్కడి వోల్టేజీకి చేసిన గ్రైండర్లు అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, అబ్బాయిని అక్కడే కొనుక్కోమనండి.